కోసేసిన ఇషాపూర్ త్రీ నాట్ త్రీ: బాగుచేయించాలా, అలాగే ఉంచాలా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. పొరపాటు ఉంటే దిద్దండి. హ్యూస్టన్ శివార్లలో ఒక పెద్దాయన పోయాక ఇంటి సామాను అమ్మకానికి పెట్టారు. అందులో ఒక పాత రైఫిల్ మీ కంటపడింది. పిడి మెడ దగ్గర ఉక్కు మీద కిరీటం, జీఆర్ఐ (అప్పటి రాజు, చక్రవర్తి జార్జి గుర్తు) అక్షరాలు, ఇషాపూర్, 1942 అన్న ముద్రలు ఉన్నాయి. మీ తాతగారు ఆ రోజుల్లోనే సైన్యంలో చేరి బర్మా వెళ్ళి వచ్చారు కాబట్టి మీరు దాన్ని వదల్లేక కొనేశారు. ఇంటికి తెచ్చి చూస్తే ముందు సగం కొయ్య కోసేసి ఉంది. బ్యారెల్ పైన ఉండాల్సిన హ్యాండ్‌గార్డులు లేవు, కొయ్య ముందు కొసన తొడిగే నోస్‌క్యాప్ లేదు, పట్టీలు లేవు, తూటాలు పెట్టే మ్యాగజీన్ లేదు. బోల్ట్ (వెనక్కి లాగి ముందుకు తోసే ఉక్కు కడ్డీ) మీది నంబరు, రిసీవర్ (ఆ బోల్ట్ కదిలే ఉక్కు చట్రం) మీది నంబరుతో కలవడం లేదు. బ్యారెల్ కొలిస్తే 25 అంగుళాలకు కాస్త పైన వచ్చింది. విడిభాగాలు వెతికి పాతరూపానికి తేవడం లాభమా, వృథా ప్రయాసా అని అడిగారు.

మీరు రాసినంతవరకు చూస్తే అది బాగుచేయదగ్గ రైఫిలే. అయితే మీరు లెక్క మొదలుపెట్టిన చోటు సరైనది కాదు. లేనివాటి జాబితా పదకొండు వరుసలు రాశారు. ఉన్నవాటి స్థితి గురించి రెండు ముక్కలు కూడా లేవు. లేని భాగం ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది. ఉన్న ఉక్కుకు జరిగిన హాని మాత్రం ఎంత డబ్బు పోసినా తిరిగి రాదు. కాబట్టి లేనివాటిని కాసేపు మరిచిపోయి, చేతిలో ఉన్నదాన్ని చూడండి.

అంతకన్నా ముందు, మొహమాటం లేకుండా అడగాల్సిన మాట ఒకటి ఉంది. మీరు ఏ వీసా మీద ఉన్నారో రాయలేదు. హెచ్1బీ, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకి గానీ, ఒక్క తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధించింది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువులో ఉన్న వేట లైసెన్సు ఉండటం వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. మనవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. అమ్మేవాడు అడగలేదు కాబట్టి తప్పు లేదనుకుంటారు. రేపు ఇది ఇమిగ్రేషన్ ఫైలులో పడితే జరిగే నష్టం ముందు రైఫిల్ ధర ఎంత? సందేహం ఉంటే ఈ రోజే ఇమిగ్రేషన్ లాయరును అడగండి, తర్వాతే కింది పేరాలు చదవండి. ఎప్పటికైనా ఇంటికి తీసుకెళ్ళి నాన్నగారికి చూపిద్దామన్న ఆలోచన ఉంటే అదీ వదులుకోండి. మన దేశంలో ఈ 303 తూటా మామూలు పౌరుల లైసెన్సుకు అందని నిషిద్ధ కొలత. ఊళ్ళలో పెద్ద రైతుల ఇళ్ళలో కనిపించే రైఫిల్ 315. దాన్ని కూడా ఇషాపూర్ ఫ్యాక్టరీయే, పౌరుల కోసం వేరే కొలతలో చేసింది.

ఇక రైఫిల్ సంగతికి వస్తాను. మీ చేతిలో ఉన్నది నంబర్ 1 మార్క్ 3 నక్షత్రం, అంటే లీ ఎన్‌ఫీల్డ్. బోల్ట్, మ్యాగజీన్ పద్ధతి జేమ్స్ పారిస్ లీ అనే ఆయనది, ఎన్‌ఫీల్డ్ అనేది ఇంగ్లండులో ఒకప్పుడు ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఉన్న ఊరు. మార్క్ 3 వచ్చింది 1907లో. మొదటి ప్రపంచ యుద్ధంలో ఉత్పత్తి త్వరగా జరగాలని కొన్ని హంగులు తీసేసి, పేరు చివర ఒక నక్షత్రం గుర్తు చేర్చారు. కలకత్తాకు ఉత్తరాన హుగ్లీ ఒడ్డునున్న ఇషాపూర్‌లో దీన్ని దశాబ్దాల పాటు తయారుచేశారు. బ్రిటన్ నంబర్ 4 అనే కొత్త రకానికి మారిపోయినా ఇషాపూర్ మాత్రం పాత నమూనాతోనే సాగింది. అందుకే బర్మా రంగంలో భారత సైనికుల చేతుల్లో ఎక్కువగా కనిపించింది ఇదే. మన పోలీసు స్టేషన్లలో కానిస్టేబుళ్ళ భుజాన మొన్నమొన్నటి దాకా వేలాడిందీ దీని కుటుంబమే. మీ తాతగారు మోసినది అచ్చంగా ఇదే అని ఎవరూ చెప్పలేరు. ఇలాంటిదే మోసి ఉంటారని మాత్రం నమ్మకంగా అనుకోవచ్చు.

కొయ్య ఎందుకు కోశారో తెలిస్తే మీ పరీక్ష సులువవుతుంది. యుద్ధం ముగిశాక ప్రభుత్వాలు మిగిలిపోయిన రైఫిళ్ళను ఓడలకొద్దీ అమ్మేశాయి. అమెరికాలో అవి పత్రికల్లో ప్రకటన చూసి, డబ్బు పంపి తపాలాలో తెప్పించుకునే చవక సరుకు అయ్యాయి. జింకల వేటకు వెళ్ళేవాడికి అంత బరువైన కొయ్య, బాయినెట్ తగిలించే నోస్‌క్యాప్ ఎందుకు? రంపంతో కోసి, ముందు భాగం పారేసి, మిగిలినదాన్ని గుండ్రంగా నున్నగా చేసుకునేవాడు. 1963లో కెనెడీని చంపడానికి వాడినది కూడా తపాలాలో తెప్పించిన ఇటలీ సైన్యపు పాత రైఫిలే. ఆ తర్వాత 1968లో వచ్చిన చట్టం తపాలా అమ్మకాలను ఆపింది, సైనిక మిగులు దిగుమతికి కూడా అడ్డుకట్ట వేసింది. 1980లలో పాత సేకరణ వస్తువుల పేరిట మళ్ళీ తలుపు తెరిచారు. మీ రైఫిల్ మీద ఎక్కడైనా దిగుమతి సంస్థ పేరు, ఊరు చిన్న అక్షరాల్లో చెక్కి ఉంటే అది ఈ రెండో విడతలో వచ్చిందన్నమాట. ఏమీ లేకపోతే 1968కి ముందే వచ్చి, ఆ రోజుల్లోనే ఎవరి షెడ్డులోనో కోతకు గురై ఉండే అవకాశం ఎక్కువ.

కోసినవాళ్ళలో రెండు రకాలు. కొయ్యతో సరిపెట్టినవాడు ఒకడు. ఉక్కు మీద కూడా చెయ్యి చేసుకున్నవాడు ఇంకొకడు. మొదటివాడి చేతిలో పడిన రైఫిల్‌ను బతికించవచ్చు. రెండోవాడి చేతిలో పడినదాని మీద డబ్బు పెట్టకండి.

మీ బ్యారెల్ బతికే ఉంది. అసలు పొడవు 25.2 అంగుళాలు, మీ కొలత దానికి సరిపోతోంది. కొసన ముందు సైటు దిమ్మ కూడా ఉందని రాశారు. ఇది పెద్ద శుభవార్త. ఇప్పుడు రిసీవర్‌ను వెలుతురులో తిప్పి చూడండి. ఎడమవైపు గోడ మీద, పై రింగు మీద టెలిస్కోపు బిగించడానికి వేసిన రంధ్రాలు ఉన్నాయా? రంగు మైనంతోనో, పొట్టి స్క్రూలతోనో మూసేసి కూడా ఉండవచ్చు. రిసీవర్ మీదుగా కమానులా అడ్డంగా ఒక వంతెన ఉంటుంది. తూటాల క్లిప్పును నిలబెట్టేది అక్కడే. దాన్ని అరగదీసి చదును చేశారా? వెనక సైటు దాని స్థానంలోనే ఉందా, లేక దిమ్మతో సహా ఊడదీశారా? ఈ మూడింటిలో ఏ ఒక్కటి జరిగినా నా సలహా మారిపోతుంది. అప్పుడు దాన్ని వేటగాడి రైఫిల్‌గానే ఉండనివ్వండి.

డీపీ అనే రెండు అక్షరాల కోసం కూడా వెతకండి. కవాతు శిక్షణకు మాత్రమే పనికొస్తుందని పక్కన పెట్టిన రైఫిళ్ళకు వేసే ముద్ర అది. కొయ్య మీద తెల్లటి, ఎర్రటి రంగు పట్టీల జాడలు ఉన్నా అనుమానించండి. ఆ ముద్ర కనిపిస్తే గోడకు తగిలించడానికి బాగుచేసుకోండి, పేల్చే ఆలోచన మాత్రం శాశ్వతంగా మానుకోండి. ఏదో ఒక లోపం ఉండబట్టే సైన్యం దాన్ని పక్కన పెట్టింది.

బ్యారెల్ లోపలి సంగతి. బోల్ట్ తీసేసి, బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకున్నాక, ఒక చివర టార్చి పెట్టి రెండో చివర నుంచి చూడండి. మొదట చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది, పొగగొట్టంలా నల్లగా ఉంటుంది. ఆ కాలపు సైనిక తూటాల ప్రైమర్ (మందుగుండును అంటించే చిన్న మూత) మిగిల్చే ఉప్పు తేమను పీల్చి తుప్పు పట్టిస్తుంది. వేడినీళ్ళతో కడగని సైనికుడు, కడగాలని తెలియని వేటగాడు ఇద్దరూ దీనికి కారకులే. రెండు మూడు రోజులు నూనె గుడ్డ, ఇత్తడి బ్రష్షు నడిపి మళ్ళీ చూడండి. ఎడమకు మెలితిరిగే అయిదు గాళ్ళు అంచులతో సహా స్పష్టంగా కనిపిస్తే, అక్కడక్కడ సన్నని గుంటలున్నా పరవాలేదు. గాళ్ళే కలిసిపోయి కొస దగ్గర నున్నటి గొట్టంలా మారితే అది ప్రదర్శనకు మాత్రమే. అన్నట్టు, గాళ్ళు అసలే లేకుండా అద్దంలా నున్నగా ఉంటే కంగారుపడకండి. ఇషాపూర్‌లో కొన్ని రైఫిళ్ళను పోలీసులు, జైలు కాపలావాళ్ళ కోసం గాళ్ళు లేని 410 తుపాకులుగా మార్చారు. మీది అదే అయితే ఈ సమాధానమంతా తిరగరాయాలి.

నన్ను భయపెట్టేది బోల్ట్. మీరు దాన్ని జాబితాలో చివర పెట్టి "నంబరు కలవడం లేదు, అంతే" అన్నారు. నేనైతే మొదట పెడతాను. ఈ రైఫిల్‌లో బోల్ట్‌ను రిసీవర్‌లో లాక్ చేసే దంతాలు వెనకవైపు ఉంటాయి. తయారీలో ఆ రెండు వైపులా సమంగా ఆనేలా ఒక్కో బోల్ట్‌ను ఒక్కో రిసీవర్‌కు అమర్చి, బోల్ట్ పిడి వెనక అదే నంబరు కొట్టారు. వేరే బోల్ట్ పెడితే ఒక వైపే ఆనవచ్చు. రెండోది, ముందు కొసన మరచుట్లతో బిగించే బోల్ట్ హెడ్. 303 తూటా వెనక అంచు ఉంటుంది. బోల్ట్ మూసినప్పుడు ఆ అంచు ఇమిడే సందు ఎంత అన్నదే ప్రాణం నిలబెట్టే కొలత. అంగుళంలో వెయ్యో వంతుల్లో 64 నుంచి 74 దాకా సైన్యం ఒప్పుకున్న హద్దు. అంతకు మించితే పేలిన క్షణంలో ఇత్తడి తొడుగు వెనక్కి సాగి తెగవచ్చు, వేడి వాయువు మీ ముఖం వైపు రావచ్చు. నంబర్ 4 రైఫిల్‌కు 0, 1, 2, 3 అని అంకెలు వేసిన బోల్ట్ హెడ్‌లు ఉంటాయి, సందు తగ్గించడం సులువు. మీ నంబర్ 1కి ఆ సౌకర్యం లేదు. పది హెడ్‌లు ముందు పెట్టుకుని ఒక్కొక్కటే బిగించి చూడటమే మార్గం. అది గేజ్‌లున్న, ఈ రైఫిల్ తెలిసిన గన్‌స్మిత్ పని. తూటా పెట్టి బోల్ట్ మూసి "బాగానే మూసుకుంది" అని తృప్తిపడేవాళ్ళను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. మొదటి ఖర్చు ఈ పరీక్షకే పెట్టండి. ఫలితం చెడ్డదైతే అక్కడే ఆగిపోవచ్చు, మిగతా డబ్బు మిగులుతుంది.

ఇప్పుడు కొయ్య. ఈ పనిలో నాకిష్టమైన భాగం ఇదే, నేను తిన్న మొదటి దెబ్బ కూడా ఇక్కడే. పాతికేళ్ళ కిందట నా మొదటి లీ ఎన్‌ఫీల్డ్‌ను విప్పుతూ వెనక పిడిని ముందు తిప్పాను. పిడి లోపల పొడవాటి బోల్టు ఒకటి ఉంటుంది. దాని చదరపు కొస ముందుకు పొడుచుకొచ్చి, ముందు కొయ్య లోపలి పలకలో ఇరుక్కుని ఉంటుంది, పిడి వదులు కాకుండా. ఆ సంగతి తెలియక తిప్పేసరికి చప్పుడైంది, ఎనభై ఏళ్ళ కొయ్య వెనక భాగం నిలువునా చీలింది. కాబట్టి ముందు కొయ్య తీశాకే పిడి జోలికి వెళ్ళండి. స్క్రూలు కూడా జాగ్రత్త. వీటి మరచుట్లు ఇక్కడి హార్డ్‌వేర్ దుకాణం సరుకుతో కలవవు. తల అరిగిపోతే మారుది దొరికేదాకా తిరగాలి. స్క్రూడ్రైవర్ కొసను గాడికి సరిపోయేలా అరగదీసి వాడండి.

కోసేసిన కొయ్యను పారేయకండి, నిరాశతో పొయ్యిలో పెట్టకండి. ఈ రైఫిల్ గురి అంతా ఆ ముందు కొయ్య వెనక చివర రిసీవర్‌కు ఎంత గట్టిగా ఆనుతుందన్న దాని మీద ఉంటుంది. తూటా పేలినప్పటి తన్నును అక్కడి రెండు ముఖాలు మోస్తాయి. మీ దగ్గరున్న సగం కొయ్య 1942 నుంచో, ఆ తర్వాతి మరమ్మతు నుంచో ఈ రిసీవర్‌కే అలవాటుపడి ఉంది. ముందు భాగాన్ని వేరే విరిగిన కొయ్య నుంచి తెచ్చి, అతుకు పట్టీ కింద దాగేలా కలపడం చెయ్యి తిరిగిన వడ్రంగికి సాధ్యమే. కొత్తగా చేసి అమ్మే కొయ్యలు కూడా దొరుకుతాయి. అవి పెట్టెలోంచి తీసి బిగించేలా ఉంటాయని అనుకోకండి. ఉలి, ఓపిక రెండూ కావాలి. ఎక్కడ ఆనుతోందో తెలియడానికి దీపం మసి పూసి, పెట్టి, తీసి, అంటిన చోట గీరడం, మళ్ళీ పెట్టడం. నాకు ఒక్క కొయ్యకు మూడు వారాంతాలు పట్టింది. తొందరలో ఆ వెనక ముఖాలను ఎక్కువ చెక్కేస్తే ఇక దాన్ని కట్టెగా వాడుకోవాల్సిందే. ఇషాపూర్ కొయ్యల్లో చాలావాటికి, చీలకుండా అడ్డంగా దించిన అదనపు స్క్రూ ఒకటి ఉంటుంది. మీ సగంలో అది ఉంటే కొనేదాన్లో కూడా ఉండేలా చూసుకోండి. గరుకు కాగితం మాత్రం ఇంట్లోనే లేదనుకోండి. కొయ్య మీది ముద్రలు, గీతలు, నల్లబడిన చేతి మరకలే దాని చరిత్ర. పాత మురికిని గుడ్డతో తుడిచి, పచ్చి అవిసె నూనెను పల్చగా చేత్తో రుద్దితే చాలు. ఉక్కుకు కొత్తగా నల్లరంగు ఎక్కించాలన్న ఆశ కూడా వదులుకోండి.

విడిభాగాల్లో మ్యాగజీన్ సులువు, నంబర్ 4ది పొరపాటున కొనకండి, ఇందులో సరిగా కూర్చోదు. నోస్‌క్యాప్, పట్టీలు, హ్యాండ్‌గార్డులు ఒక్కొక్కటిగా కొంటే పోస్టేజీయే మింగేస్తుంది. ముందు కొయ్యతో పాటు అన్నీ కలిపి ఒకే చోట అమ్మేవారి కోసం ఆగండి. నా మొదటి రైఫిల్‌ను 120 డాలర్లకు కొని, భాగాలకు 430 పెట్టి, చివరికి 350కి అమ్మాను. చారాణా కోడికి బారాణా మసాలా అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. అమ్మి లాభం చూద్దామనుకునేవారికి నా జవాబు ఒక్కటే, వద్దు. కోయని రైఫిల్‌ను నేరుగా కొనుక్కోవడమే చవక. మీరు అడుగుతున్నది అది కాదు, 1942 అన్న అంకె కోసం అడుగుతున్నారు. అందుకే ఇంత రాస్తున్నాను.

నంబర్ల గురించి ఒక్క మాట. కొత్తగా తెచ్చిన నోస్‌క్యాప్ మీది పాత నంబరు చెరిపి, మీ రిసీవర్ నంబరు కొట్టించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఈ లోకంలో దాన్ని మోసం అంటారు. పైగా అవసరమూ లేదు. ఇషాపూర్ రైఫిళ్ళు స్వాతంత్ర్యం తర్వాత కూడా ఎన్నోసార్లు విప్పి కట్టినవే. జీఆర్ఐ కిరీటం ఉన్న రిసీవర్‌కు, ఆర్ఎఫ్ఐ (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) ముద్ర ఉన్న భాగాలు సైన్యమే బిగించింది. మీరు చేసేది ఆ వరుసలో ఇంకో మరమ్మతు. ఏ భాగం ఎక్కడ కొన్నారో ఒక కాగితం మీద రాసి, పిడి అడుగున ఇత్తడి మూత కింద నూనె బుడ్డి పెట్టే అరలో ఉంచండి. మీ తర్వాత కొనేవాడు మిమ్మల్ని తలుచుకుంటాడు.

మీరు అడగకపోయినా ఇంకో దారి ఉంది. కోసిన రూపంలోనే ఉంచేయడం. ఆ పెద్దాయన దాంతో ముప్పై నలభై ఏళ్ళు వేటాడి ఉండవచ్చు. గుండ్రంగా చెక్కిన ఆ కొస, చేతి రాపిడికి మెరిసిన బోల్ట్ పిడి ఆయనవి. అరవైల నాటి ఈ వేట రైఫిళ్ళను ఎవరూ పట్టించుకోరు, అందరూ సైనిక రూపం కోసమే పాకులాడతారు. కోసిన పని శుభ్రంగా, మోటుతనం లేకుండా ఉంటే నేను చాలాసార్లు దాన్ని కదల్చను. మీ ఫొటోలో కోత కాస్త వంకరగా, రంపం గీతలతో సహా కనిపిస్తోంది కాబట్టి ఇక్కడ ఆ మొహమాటం నాకు లేదు.

అందువల్ల ఇప్పటికి ఏ భాగమూ కొనకండి. మ్యాగజీన్ కూడా వద్దు. రిసీవర్ ఎడమ గోడ, క్లిప్పు వంతెన, బోల్ట్ దంతాలు, ఈ మూడింటి ఫొటోలు పగటి వెలుతురులో తీసి పంపండి. గన్‌స్మిత్ గేజ్ పెట్టి ఏం తేల్చాడో రాయండి. అన్నీ సవ్యంగా ఉంటే నా షెడ్డులో ఇషాపూర్ నోస్‌క్యాప్ ఒకటి పదేళ్ళుగా పడి ఉంది, పోస్టేజీ ఇచ్చి తీసుకోండి. దాని ముందు స్క్రూ మాత్రం లేదు, అది మీరే వెతుక్కోవాలి.